అందరికీ తెరిచి ఉన్న భాండారానికి తాళాలెందుకు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు వందలమంది కలిసి ఒకే ప్రోగ్రాం రాస్తారు కదా, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చెరిపేస్తే ఎలా?" దానికి జవాబు దొరికీ దొరక్కముందే రెండో ప్రశ్న వస్తుంది. "లినక్స్ లాంటివాటి కోడ్‌ను ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చంటారు. అందరికీ తెరిచిపెట్టినదానికి మళ్లీ తాళాలెందుకు?"

రెండో ప్రశ్న చాలా లోతైనది. దాచుకున్న వస్తువే భద్రంగా ఉంటుందని మనందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటైన ఆలోచన. కోడ్ భాండారాల సంగతి వేరు. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను అయితే దాని అడుగున నడిచేది లినక్స్. ఆ కోడ్ ఎప్పుడో రెండు కోట్ల పంక్తులు దాటింది. రెండు మూడు నెలలకొకసారి వచ్చే ఒక్కో విడుదలలో సుమారు రెండు వేలమంది చేయి ఉంటుంది. చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలను చూపించే నోటో సాన్స్ తెలుగు ఫాంటు కూడా ఒక బహిరంగ భాండారంలోనే ఉంది. వీటిని చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వీటిలో రాయడానికి మాత్రం కావాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్లు రిపాజిటరీ అనీ, ముద్దుగా రిపో అనీ పిలిచేదాన్ని ఈ అధ్యాయంలో కోడ్ భాండారం అందాం. చదివే హక్కు అందరిదీ అయినప్పుడు, రాసే హక్కు కొందరిదేనని ఆ భాండారానికి ఎలా తెలుస్తుంది? ఎవరు ఏం రాశారో దానికి ఎలా గుర్తుంటుంది? గుర్తుపెట్టుకునే సంగతి ముందు చూద్దాం, తాళాల సంగతి దాని తర్వాతే అర్థమవుతుంది.

ఒకే ఫైలు మీద వేల చేతులు

1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ అనే ఇంజినీరు ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రాం రాశాడు. ఫైలు మారిన ప్రతిసారీ పాతదాన్ని పారేయకుండా, ఏ పంక్తి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని చిట్టా కట్టడం దాని పని. పదేళ్ల తర్వాత పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ తయారుచేశాడు. ఈ రెండింటిలోనూ మామూలు పద్ధతి ఏమిటంటే, దిద్దడానికి ఒకరు ఫైలు తీసుకుంటే తిరిగి పెట్టేదాకా మిగతావాళ్లు ఆగాలి. తర్వాత వచ్చిన సీవీఎస్, సబ్‌వెర్షన్ ఆ ఎదురుచూపును తప్పించాయి. అందరూ ఒకేసారి రాసుకుని తర్వాత కలుపుకోవచ్చు. చిట్టా మాత్రం ఒకే ఒక సర్వరులో ఉండేది. ఆ సర్వరు ఆగితే పని ఆగేది. దొంగ అందులో దూరి చిట్టానే దిద్దితే, సరిచూసుకోవడానికి పూర్తి ప్రతి ఇంకొకటి ఉండేది కాదు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాక పదేళ్లపాటు ఈమెయిల్లో వచ్చే మార్పులను తన చేత్తోనే కలుపుకునేవాడు. 2002లో బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ సాధనానికి మారాడు. లినక్స్ వాళ్లకు దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ ఆండ్రూ ట్రిడ్జెల్ బిట్‌కీపర్ సర్వర్లతో మాట్లాడగల సొంత ప్రోగ్రాం రాయడంతో గొడవ మొదలై, 2005 ఏప్రిల్ నాటికి ఆ ఉచిత అనుమతి పోయింది. టోర్వాల్డ్స్ లినక్స్ పని పక్కనపెట్టి ఏప్రిల్ 3న కొత్త సాధనం రాయడం మొదలుపెట్టాడు. 7వ తేదీకల్లా ఆ సాధనం తన కోడ్‌కు తానే చిట్టా రాసుకుంటోంది. దాని పేరు గిట్. జూన్‌లో లినక్స్ 2.6.12 గిట్ చిట్టాతోనే విడుదలైంది. జులైలో టోర్వాల్డ్స్ గిట్ బాధ్యతను జునియో హమానోకు అప్పగించి తిరిగి లినక్స్ పనిలో పడ్డాడు. నాలుగు రోజుల్లో కాళ్లమీద నిలబడ్డ ఈ సాధనం మీదనే ఇవాళ ప్రపంచంలోని సాఫ్ట్‌వేర్‌లో సింహభాగం నడుస్తోంది. గిట్ భాండారాలను ఉంచుకునే గిట్‌హబ్ అనే సైటు 2008లో దాని పేరుతోనే పుట్టింది. 2018లో మైక్రోసాఫ్ట్ ఆ సైటును 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది.

గిట్‌లో రెండు నిర్ణయాలు ముఖ్యమైనవి. మొదటిది, చిట్టా మొత్తం అందరి దగ్గరా ఉంటుంది. భాండారాన్ని దించుకున్న ప్రతి మనిషి కంప్యూటర్లోనూ మొదటి రోజు నుంచి ఇవాళ్టిదాకా ఉన్న మార్పులన్నీ వచ్చి చేరతాయి. రెండోది, ఆ చిట్టాలో ఏ పాత పంక్తినీ ఎవరూ గుట్టుగా దిద్దలేరు. నన్ను అడిగితే గిట్ గొప్పతనమంతా ఈ రెండో నిర్ణయంలోనే ఉంది. అది ఎలా సాధ్యమైందో కాస్త నిదానంగా చూడాలి.

లింకు దస్తావేజులు

ఇంటిస్థలం కొనేవాళ్లు ముందు ఈసీ తీయిస్తారు, ఆపైన లింకు దస్తావేజులు అడుగుతారు. ఇవాళ అమ్ముతున్నవాడికి ఆ స్థలం ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి వెళ్తారు. ప్రతి విక్రయ దస్తావేజులోనూ దానికి ముందరి దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్ట్రార్ ఆఫీసు పేరు రాసి ఉంటాయి. మధ్యలో ఒక్క లింకు తెగినా లాయరు కొనవద్దంటాడు.

గిట్ చిట్టా సరిగ్గా ఈ పద్ధతిలో ఉంటుంది. ఒక ప్రోగ్రామర్ తన మార్పులను భాండారంలో చేర్చినప్పుడు ఒక నమోదు జరుగుతుంది. దాన్నే కమిట్ అంటారు. ఆ నమోదులో ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయి, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు మార్చారు అనే వివరాలతోపాటు, దానికి ముందరి నమోదు నంబరు కూడా ఉంటుంది.

అయితే రిజిస్ట్రార్ ఆఫీసులో నంబరు వరుసక్రమంలో వేసేది. 1254 తర్వాత 1255. నంబరుకూ లోపలి విషయానికీ సంబంధం లేదు కాబట్టి, అదే నంబరు వేసి లోపల విస్తీర్ణం మార్చిన దొంగ కాగితం పుట్టించవచ్చు. భూమి తగాదాల్లో సగం కష్టం అక్కడే ఉంటుంది. గిట్‌లో నంబరు ఎవరూ వేయరు. నమోదు లోపల ఉన్న విషయం నుంచే అది పుడుతుంది. ఫైళ్లూ, పేర్లూ, తేదీలూ, ముందరి నంబరూ అన్నీ కలిపి ఒక లెక్కలో వేస్తే 40 అక్షరాల ముద్ర ఒకటి వస్తుంది. ఇలాంటి ముద్రను హ్యాష్ అంటారు. గిట్ మొదటి నుంచీ వాడుతున్న లెక్క పేరు షా-1. ఇందులో రాగల ముద్రల సంఖ్య 49 అంకెలంత పెద్దది. లోపల ఒక్క కామా మారినా ముద్ర మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కొద్దిగా మార్చితే కొద్దిగా మారడం ఇందులో లేదు.

ఇప్పుడు ఎవరైనా మూడేళ్ల కిందటి నమోదులో ఒక పంక్తి దిద్దాలనుకున్నారనుకోండి. దిద్దగానే దాని ముద్ర మారుతుంది. తర్వాతి నమోదులో ఉన్నది పాత ముద్ర, అది ఇక పొసగదు. దాన్నీ దిద్దితే దాని ముద్రా మారుతుంది. అలా ఇవాళ్టి నమోదుదాకా ప్రతిదాన్నీ తిరగరాయాలి. అంతా రాసినా, చివరి ముద్ర వేలమంది దగ్గరున్న దానితో సరిపోదు. మర్నాడు పొద్దున ఎవరు కొత్త మార్పులు దించుకోబోయినా తేడా బయటపడుతుంది.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. గిట్ పుట్టకముందు, 2003 నవంబర్‌లో, లినక్స్ కోడ్‌లోకి ఎవరో రెండు పంక్తులు దూర్చారు. అసలు చిట్టా అప్పట్లో బిట్‌కీపర్‌లో ఉండేది. అది ఇష్టంలేనివాళ్ల కోసం సీవీఎస్‌లో ఒక నకలు ఉంచేవారు. దొంగ ఆ నకలులోకి దూరాడు. పెట్టిన పంక్తులు చూడ్డానికి మామూలు తనిఖీలాగే ఉన్నాయి: ఈ ప్రోగ్రాంను నడిపేవాడి సంఖ్య సున్నానా అని అడుగుతున్నట్టు. లినక్స్‌లో సున్నా అంటే సర్వాధికారి. సీ భాషలో సమానమా అని అడగాలంటే రెండు సమాన గుర్తులు వేయాలి. ఒక్క గుర్తు వేస్తే అది అడగడం కాదు, ఆ సంఖ్యను సున్నా చేసెయ్యడమే. దొంగ ఒక్కటే వేశాడు. అది నిలిచి ఉంటే, మామూలు వాడకందారు ఎవరైనా ఒక ప్రత్యేకమైన పిలుపుతో ఆ యంత్రానికి సర్వాధికారి అయ్యేవాడు. నకలు అసలుతో సరిపోవడం లేదనీ, ఆ మార్పుకు అసలు చిట్టాలో అనుమతి నమోదే లేదనీ సరిచూపులో తేలడంతో దొరికిపోయింది. ఎంత తెలివైన మనిషి చదివినా ఆ ఒక్క గుర్తు కంటపడకపోయే అవకాశం ఎక్కువ. చిట్టా సరిచూపుకు మాత్రం తెలివితో పనిలేదు.

2011 ఆగస్టులో ఇంకా పెద్దది జరిగింది. లినక్స్ కోడ్‌ను ప్రపంచానికి పంచే కెర్నల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకే దొంగలు దూరారు. ఆ సైటు నెలకు పైగా మూతబడింది. టోర్వాల్డ్స్ తన భాండారాన్ని తాత్కాలికంగా గిట్‌హబ్‌లో పెట్టి పని సాగించాడు. కోడ్ చెడిందేమోనన్న భయం మాత్రం ఎక్కువ రోజులు నిలవలేదు. అప్పటికి గిట్ వచ్చింది. వేలమంది కంప్యూటర్లలో మొత్తం చిట్టా ముద్రలతో సహా ఉంది.

షా-1 లెక్కకూ వయసు మీదపడింది. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధనా సంస్థ, గూగుల్ కలిసి ఒకే షా-1 ముద్ర వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్లను తయారుచేసి చూపించాయి. ఆ కొద్ది నెలలకే గిట్‌లో అలాంటి మోసాన్ని పసిగట్టే లెక్కను చేర్చారు. ఇంకా బలమైన షా-256కు దారి 2020 నుంచి తెరిచి ఉంది.

రహస్యం చెప్పకుండా నిరూపించుకోవడం

చిట్టా మోసాన్ని పట్టిస్తుంది. కానీ అసలు ఎవరిని లోపలికి రానివ్వాలి అనే ప్రశ్న అలాగే ఉంది. టోర్వాల్డ్స్ పేరుతో నమోదు పంపుతున్నది టోర్వాల్డ్సేనని సర్వరుకు ఎలా తెలియాలి?

అందరికీ తెలిసిన జవాబు పాస్‌వర్డ్. దాని లోపం పుట్టుకతోనే ఉంది. నేనే ఫలానా అని నిరూపించుకోవాలంటే నా రహస్యాన్ని అవతలివాడికి చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ అది దారిలో ప్రయాణిస్తుంది, అవతలి గుమ్మం దగ్గరికి చేరుతుంది. దారిలో పొంచి ఉన్నవాడు వింటాడు. ఆ గుమ్మం దగ్గర ఉన్నది అసలు సర్వరే కాకపోతే, దొంగకు మనమే చెప్పి వచ్చినట్టవుతుంది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో ఇలాగే పాస్‌వర్డులను దారికాచి దోచారు. అక్కడి పరిశోధకుడు టాటూ ఉలొనెన్ ఆ దోపిడీ చూశాక ఎస్‌ఎస్‌హెచ్ అనే కొత్త పద్ధతి రాసి, ఆ ఏడాది జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. కంప్యూటర్లో ఒక్కో సేవకు ఒక్కో గుమ్మం నంబరుంటుంది. ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23. ఈ రెండూ పాస్‌వర్డును బాహాటంగా పంపే పాత పద్ధతులు. వాటి మధ్య ఖాళీగా ఉన్న 22ను ఉలొనెన్ అడిగి తీసుకున్నాడు. ఇవాళ్టికీ కోడ్ భాండారాల ముఖద్వారం చాలాచోట్ల ఆ 22వ గుమ్మమే. ఇప్పుడు ఎక్కువమంది వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం తయారుచేసింది.

ఎస్‌ఎస్‌హెచ్ వెనకున్న గణితం అంతకు ఇరవై ఏళ్ల ముందుది. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ఒక సాహసమైన మాట అన్నారు: తాళాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ప్రపంచమంతటికీ ఇచ్చేసినా రెండో భాగం రహస్యంగానే ఉండేలా చేయవచ్చు. మరుసటి ఏడాది ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అలాంటి తాళాన్ని నిజంగా కట్టి చూపించారు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దానికి ఆర్‌ఎస్‌ఏ అనే పేరొచ్చింది. బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఇదే కనిపెట్టాడు. అది ప్రభుత్వ రహస్యంగా ఉండిపోయి 1997లో బయటికొచ్చింది.

ఆర్‌ఎస్‌ఏ తాళం రెండు పెద్ద ప్రధాన సంఖ్యల గుణకారం మీద నిలబడుతుంది. ప్రధాన సంఖ్య అంటే ఒకటీ, తానూ తప్ప ఇంకేదీ నిశ్శేషంగా భాగించలేనిది. 61ని 53తో గుణించమంటే కాగితం మీద నిమిషంలో 3233 అని చెప్పేస్తారు. 3233 ఇచ్చి, ఏ రెండింటిని గుణిస్తే ఇది వచ్చిందో చెప్పమంటే ఒక్కొక్కటే వేసి చూసుకోవాలి. సంఖ్య పెరిగేకొద్దీ ఈ తేడా కొండంత అవుతుంది. గుణించిన ఫలితాన్ని బయట పెడతాం, దాన్ని పుట్టించిన రెండు సంఖ్యలనూ మన దగ్గర ఉంచుకుంటాం. సాఫ్ట్‌వేర్ వాళ్లు పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అనేవి ఇవే. బహిరంగ తాళం, రహస్య తాళం అందాం.

ఇది ఎంత కష్టమో కొలవడానికి 1977లో ఈ ముగ్గురూ 129 అంకెల సంఖ్య ఒకదాన్ని ప్రకటించి, విడదీసినవాళ్లకు 100 డాలర్లు ఇస్తామన్నారు. దానికి కోట్ల కోట్ల ఏళ్లు పడుతుందని రివెస్ట్ అప్పట్లో వేసిన అంచనా. 1994 ఏప్రిల్‌లో సుమారు 600 మంది స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటర్నెట్ ద్వారా తమ కంప్యూటర్లను కలిపి ఎనిమిది నెలల్లో విడదీశారు. గుణకారం వెనక్కి తిప్పలేనిదేమీ కాదని, సంఖ్య తగినంత పెద్దదైనంతవరకే భద్రమని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. ఇవాళ మామూలుగా వాడే ఆర్‌ఎస్‌ఏ సంఖ్యకు 617 అంకెలుంటాయి. ఇప్పుడు ఎక్కువమంది కోరుకునే ఈడీ25519 అనే కొత్త రకం వేరే గణితం మీద నడుస్తుంది. దాని బహిరంగ తాళం ఒక్క చిన్న పంక్తిలో ఇమిడిపోతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో అది 2014 నుంచి ఉంది.

ఇప్పుడు గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. ప్రోగ్రామర్ తన ల్యాప్‌టాప్‌లో ఒక ఆదేశంతో తాళాల జత పుట్టించుకుంటాడు. బహిరంగ తాళాన్ని సర్వరులో తన పేరు పక్కన రాయిస్తాడు. రహస్య తాళం ల్యాప్‌టాప్ దాటి ఎక్కడికీ పోదు. తలుపు తట్టినప్పుడు, రెండు కంప్యూటర్లూ కలిసి ఆ ఒక్క సంభాషణకు మాత్రమే చెల్లే కొత్త సంఖ్యను తయారుచేసుకుంటాయి. ల్యాప్‌టాప్ ఆ సంఖ్య మీద రహస్య తాళంతో సంతకం పెడుతుంది. సర్వరు తన దగ్గరున్న బహిరంగ తాళంతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. సరిపోతే లోపలికి. దారిలో ఎవరైనా ఆ సంతకాన్ని కాజేసినా లాభం లేదు, రేపటి సంఖ్య వేరు. సర్వరునే దోచుకున్నా దొరికేవి బహిరంగ తాళాలే. గిట్‌హబ్ అయితే తన వాడకందార్ల బహిరంగ తాళాలను అడిగినవాళ్లందరికీ చూపిస్తుంది. ఒక మనిషి పేజీ చిరునామా చివర చుక్క పెట్టి కీస్ అని చేరిస్తే చాలు, కనిపిస్తాయి. పాస్‌వర్డుల జాబితాను అలా వీధిలో పెట్టగల సంస్థ ప్రపంచంలో ఒక్కటీ ఉండదు. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ కోడ్ పంపే పనికి ఖాతా పాస్‌వర్డును ఒప్పుకోవడం మానేసింది.

గణితం చెక్కుచెదరకుండానే తాళం పోవడం

ఇంత గట్టి తాళం ఎలా పోతుంది? పోయిన సందర్భాలు వెతికితే, పెద్ద సంఖ్యను ఎవరో విడదీయడంవల్ల పోయినవి కనిపించవు. పక్కదారులే కనిపిస్తాయి.

2006లో డెబియన్ అనే లినక్స్ పంపిణీలో, ఒక తనిఖీ సాధనం హెచ్చరికలు ఇస్తోందని రెండు పంక్తులను తీసేశారు. తాళం పుట్టించేటప్పుడు కావాల్సిన యాదృచ్ఛికత అంతా ఆ పంక్తుల గుండానే వచ్చేది. 2008 మేలో బయటపడేదాకా, దాదాపు రెండేళ్లు, ఆ యంత్రాలు పుట్టించిన ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు ఒక్కో రకానికీ పరిమాణానికీ 32,767కు మించి లేవు. 617 అంకెల సంఖ్యే, కానీ ఏది అన్నది 32,767 చీటీల్లో ఒకటి. ఎవరైనా ఆ జాబితా మొత్తం ఒక మధ్యాహ్నంలో ప్రయత్నించి చూడవచ్చు. ఏడేళ్ల తర్వాత, 2015లో, ఒక బ్రిటిష్ ఇంజినీరు గిట్‌హబ్ బయటపెట్టే బహిరంగ తాళాలను పది లక్షలకు పైగా సేకరించి చూస్తే, వాటిలో ఈ డెబియన్ బలహీన తాళాలు ఇంకా తిరుగుతున్నాయి. గిట్‌హబ్ వాటిని రద్దుచేసింది. ఈ ఉదంతం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. తప్పు చేసినవాళ్లకు దురుద్దేశం లేదు, కోడ్ అందరికీ తెరిచే ఉంది, అయినా రెండేళ్లు ఎవరి కంటా పడలేదు.

2012 మార్చిలో జరిగింది ఇంకో రకం. ఎగోర్ హొమకోవ్ అనే రష్యా ప్రోగ్రామర్, రూబీ ఆన్ రెయిల్స్ అనే చట్రంలో ఒక లోపం ఉందని ఆ ప్రాజెక్టు వాళ్లకు చెబితే పట్టించుకోలేదు. గిట్‌హబ్ కూడా ఆ చట్రంతోనే కట్టినది. అతడు ఆ లోపాన్ని వాడి గిట్‌హబ్‌లో తన బహిరంగ తాళాన్ని రెయిల్స్ బృందం ఖాతాకు తగిలించి, వాళ్ల భాండారంలో ఒక నమోదు రాసి చూపించాడు. రహస్య తాళం అతడిదే, సంతకం నిఖార్సైనదే, సర్వరు సరిచూపులో తప్పు లేదు. ఈ తాళం ఫలానావాళ్లది అని చెప్పే జాబితాను మాత్రం అతడు దిద్దగలిగాడు. ఆ తర్వాత గిట్‌హబ్ వాడకందార్లందరినీ తమ పేరు కింద ఉన్న తాళాలను ఒక్కొక్కటిగా చూసి ఒప్పుకోమని అడిగింది. ఏ సంస్థలోనైనా నేను ముందు అడిగే ప్రశ్న ఇదే: తాళాల జాబితాను ఎవరెవరు మార్చగలరు? చాలాచోట్ల ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్ల తాళాలు ఆ జాబితాలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. పాస్‌వర్డు అందరూ పంచుకున్నదైతే ఒకరు వెళ్లినప్పుడు అందరికీ మార్చాలి. ఇక్కడ ఒక్క పంక్తి కొట్టేస్తే సరిపోతుంది. ఆ ఒక్క పంక్తి కొట్టేయడానికి ఎవరికీ బాధ్యత అప్పగించకపోవడమే ఇబ్బంది.

సర్వరు కూడా తానెవరో నిరూపించుకోవాలి. దానికి దాని సొంత తాళాల జత ఉంటుంది. మొదటిసారి కలిసినప్పుడు ల్యాప్‌టాప్ ఆ సర్వరు తాళం ముద్రను చూపించి, నమ్మమంటారా అని అడుగుతుంది. దాదాపు అందరూ చదవకుండానే ఔను అంటారు. నిజానికి ఆ ముద్రను సంస్థ అధికారికంగా ప్రకటించిన ముద్రతో పోల్చిచూడాల్సింది ఆ క్షణంలోనే. 2023 మార్చిలో గిట్‌హబ్ తన సొంత ఆర్‌ఎస్‌ఏ రహస్య తాళమే పొరపాటున ఒక బహిరంగ భాండారంలో కొద్దిసేపు కనిపించిందని ప్రకటించి, 24వ తేదీన దాన్ని మార్చేసింది. ఆ రోజు ప్రపంచమంతా ప్రోగ్రామర్ల తెరల మీద, సర్వరు గుర్తింపు మారిందనీ మధ్యలో ఎవరో వింటూ ఉండవచ్చనీ పెద్ద అక్షరాల హెచ్చరిక వచ్చింది. కోడ్ భాండారాలు కాపాడటమే వ్యాపారంగా ఉన్న సంస్థకే ఇలా జరిగింది. అయినా దాచిపెట్టకుండా వెంటనే మార్చి చెప్పారు, అది సరైన పని.

మరవని భాండారంలో పడ్డ రహస్యం

గిట్‌హబ్ తాళం బయటపడ్డ దారి ఒక్కసారి మళ్లీ చూడండి. తాళం భాండారంలోనే పడింది. ఈ రోజుల్లో తాళాలు పోయే దారుల్లో ఇది చాలా పెద్దది. ప్రోగ్రాం నడవాలంటే డేటాబేసుకూ, క్లౌడ్ సర్వరుకూ, డబ్బు చెల్లింపు సేవకూ దేనికదే తాళం కావాలి. పరీక్షించి చూద్దామని ప్రోగ్రామర్ ఆ తాళాన్ని కోడ్‌లోనే రాసేస్తాడు. సాయంత్రం అలవాటుగా నమోదు చేసి పంపేస్తాడు.

2019లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గిట్‌హబ్‌ను గమనించి చూస్తే, లక్షకు పైగా భాండారాల్లో ఇలాంటి రహస్యాలు కనిపించాయి. రోజూ వేలకొద్దీ కొత్తవి వచ్చిపడుతున్నాయి. వాటిని వెతకడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అమెజాన్ క్లౌడ్ దీర్ఘకాలిక తాళాల గుర్తింపు సంఖ్య ఎప్పుడూ ఏ, కే, ఐ, ఏ అనే నాలుగు అక్షరాలతోనే మొదలవుతుంది. దొంగల ప్రోగ్రాములు ఆ నాలుగు అక్షరాల కోసం రాత్రింబవళ్లు కాపు కాస్తాయి.

టొయోటా సంగతి చూడండి. కారు యజమానుల కోసం ఆ కంపెనీ నడిపే టీ-కనెక్ట్ సేవ కోడ్‌లో కొంత భాగాన్ని ఒక ఉప కాంట్రాక్టరు 2017 డిసెంబర్‌లో గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టాడు. అందులో వినియోగదారుల వివరాలుండే సర్వరు తాళం ఉంది. 2022 సెప్టెంబర్‌దాకా, దాదాపు ఐదేళ్లు, ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు బయటివాళ్లకు అందుబాటులో ఉండిపోయాయి. ఊబర్‌లో 2016లో జరిగింది ఇంకా దారుణం. అక్కడ భాండారం బహిరంగమైనది కూడా కాదు. దొంగలు ఇంజినీర్ల గిట్‌హబ్ ఖాతాల్లోంచి లోపలికి వెళ్లి, కోడ్‌లో రాసిపెట్టి ఉన్న అమెజాన్ తాళం తీసుకుని, 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. కంపెనీ వాళ్లకు లక్ష డాలర్లిచ్చి ఏడాదిపాటు ఈ విషయం దాచింది. ప్రైవేటు భాండారం కదా, అందులో తాళం రాసుకుంటే ఏమవుతుంది అనుకునే ప్రతి బృందమూ ఈ కథ చదవాలి.

పొరపాటు తెలియగానే అందరూ చేసే మొదటి పని, ఆ పంక్తి చెరిపి మళ్లీ నమోదు చేయడం. దానివల్ల ఉపయోగం లేదు. పాత నమోదు చిట్టాలో ఉండనే ఉంది. దొంగ పంక్తులు దూరకుండా లినక్స్‌ను కాపాడిన గుణమే ఇక్కడ మనకు ఎదురు తిరుగుతుంది. చిట్టా నుంచే తీసేయాలంటే ఆ నమోదు దగ్గర్నుంచి ప్రతిదాని ముద్రా మారుతుంది, అంతా తిరగరాయాలి. అందుకు సాధనాలున్నాయి. కానీ ఈలోగా నకళ్లు దించుకున్నవాళ్ల దగ్గర పాత చిట్టా చెక్కుచెదరకుండా ఉంటుంది. వాళ్లలో దొంగ ఉన్నాడో లేడో చెప్పే మార్గం లేదు. కాబట్టి ముందు చేయాల్సింది తాళాన్నే రద్దుచేసి కొత్తది తీసుకోవడం. ఆ తర్వాత, ఆ తాళంతో ఈమధ్య ఎవరు లోపలికి వచ్చారో సర్వరు రికార్డులు చూడాలి. చిట్టా శుభ్రం చేయడం అన్నిటికన్నా చివరిది. ఈ వరుస తలకిందులుగా చేసి నష్టపోయిన బృందాలు ఎన్నో.

ముందే జాగ్రత్తపడటానికి మార్గాలున్నాయి. తాళాలను కోడ్‌లో రాయకుండా, ప్రోగ్రాం నడిచే చోట విడిగా ఇవ్వాలి. ఆ తాళాలుండే ఫైలును చిట్టాలోకి తీసుకోవద్దని గిట్‌కు మొదటి రోజే చెప్పిపెట్టాలి. గిట్‌హబ్ 2024 నుంచి బహిరంగ భాండారాల్లోకి పంపే నమోదులో తాళంలాంటిది కనిపిస్తే గుమ్మం దగ్గరే ఆపుతోంది. ల్యాప్‌టాప్‌లోని రహస్య తాళానికి ఒక పాస్‌ఫ్రేజ్ పెట్టుకుంటే, ల్యాప్‌టాప్ పోయినా తాళం వెంటనే పోదు. ప్రతిసారీ టైపు చేయడం విసుగనుకునేవాళ్లకు దాన్ని ఒక్క పూటకు గుర్తుంచుకునే ఏజెంటు ప్రోగ్రాం ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ఒక తాళం, ఇంటి కంప్యూటర్‌కు ఇంకొకటి పెట్టుకోవాలి. రాత్రిపూట తనంతట తాను నడిచే యంత్రానికి ఒకే ఒక భాండారాన్ని చదవడానికి మాత్రమే పనికొచ్చే తాళం ఇవ్వాలి.

వీటన్నిటికన్నా నాకు నచ్చిన దారి తాళం ఆయుష్షును తగ్గించడం. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2010 నుంచి ధ్రువపత్రాల పద్ధతి ఉంది. ఫలానా బహిరంగ తాళం ఈ సాయంత్రందాకా చెల్లుతుంది అని సంస్థ సంతకం పెట్టి ఇస్తుంది. క్లౌడ్ కంపెనీలూ ఇప్పుడు గంటసేపు పనిచేసి చచ్చిపోయే తాళాలిస్తున్నాయి. అలాంటిది పొరపాటున భాండారంలో పడినా, టొయోటా తాళంలా ఐదేళ్లు బతికి ఉండదు. అయితే ఈ పద్ధతిలో బరువంతా, గంటకొకసారి తాళం ఇచ్చే సర్వరు మీదా, ఎవరికి ఇవ్వాలో చెప్పే దాని జాబితా మీదా పడుతుంది. 2012లో హొమకోవ్ దిద్దింది అలాంటి జాబితానే. అందుకే కొన్ని సంస్థలు ఇప్పుడు ఆ జాబితాను కూడా ఒక గిట్ భాండారంలో పెట్టి, ఇద్దరు మనుషులు చూసి ఒప్పుకుంటే తప్ప అందులో కొత్త పేరు చేరకుండా కట్టడి చేస్తున్నాయి.